చెల్లె అని పిలిపించుకున్నందుకు

మా అమ్మాయి మేఘన ఇక్కడే మస్కట్‌లో డిగ్రీ మూడో ఏడు చదువుతోంది. పరీక్షలన్నీ గట్టెక్కినా సరే, బయట ఎక్కడో ఇన్ని గంటలు సేవ చేసినట్టు చూపిస్తే తప్ప పట్టా చేతికివ్వరట. మొన్న శుక్రవారం పొద్దున్న అజైబాలో మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర, పక్కన ఉప్మా చల్లారిపోతుంటే పట్టించుకోకుండా, ఆ సేవ తాలూకు ఫారం నింపుతూ కూర్చుంది. ఎక్కడ చేశారు, ఎన్ని గంటలు చేశారు, ఎవరు చూశారు, అన్నీ టకటకా కొట్టేసింది గానీ చివరి ప్రశ్న దగ్గర ఆగిపోయింది. ఈ సేవ వల్ల మీకేం లభించిందో మూడు వాక్యాల్లో రాయమన్నారు. "సముద్రం ఒడ్డున ప్లాస్టిక్ సీసాలు ఏరితే నడుంనొప్పి లభించింది. అదే రాసెయ్యనా?" అంది. నేను నవ్వాను. "నువ్వూ చేశావుగా అమ్మా, కాలేజీలో ఉన్నప్పుడు! నీకేం వచ్చింది?" అని నావైపు తిరిగింది. "సర్టిఫికెట్" అన్నాను. అబద్ధం కాదు, నిజంగానే సర్టిఫికెట్ వచ్చింది. కానీ ఆ మాట అన్న దగ్గర్నుంచీ నా మీద నాకే కోపంగా ఉంది. అడిగిన పిల్లకి సరైన జవాబు చెప్పకుండా తప్పించుకున్నానే అని. వారం రోజులుగా పోశెట్టి ముఖం కళ్ళముందు నుంచి కదలడం లేదు, అమ్మమ్మ గొంతు చెవిలోంచి పోవడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను, నేను పుణ్యం కోసం వెళ్ళలేదు. పై చదువులకు దరఖాస్తు పెట్టేటప్పుడు ఏదో ఒక సేవ చేసినట్టు కాగితం ఉంటే మంచిదని మా లెక్చరర్ ఒకాయన చెప్పాడు. హమ్రియా వైపు ఒక చిన్న క్లినిక్‌లో శుక్రవారాలు పొద్దున్నపూట కూలిపని చేసుకునేవాళ్ళని చూసేవారు. అక్కడ డాక్టరు సూడాన్ ఆయన. అరబ్బీ, ఇంగ్లీషు తప్ప రావు. మలయాళం వాళ్ళకి మలయాళం నర్సులు ఉన్నారు, హిందీ ఉర్దూ వచ్చినవాళ్ళు ఎలాగో నెట్టుకొచ్చేవారు. కొత్తగా దిగిన తెలంగాణ వాళ్ళకే నోరు లేకుండా పోయింది. తెలుగు వచ్చిన విద్యార్థులు ఎవరైనా ఉంటే పంపమని క్లినిక్ వాళ్ళు కాలేజీకి రాశారు. మా క్లాసులో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. మస్కట్‌లోనే పుట్టి పెరిగాను. నా తెలుగంతా అమ్మమ్మ పెట్టిన భిక్ష.

అమ్మమ్మ పేరు సుభద్రమ్మ. తాతయ్య పోయాక గుడివాడ నుంచి వచ్చి మా దగ్గరే ఉండిపోయింది. నాన్న ఒక ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్, అల్ ఖువైర్‌లో రెండో అంతస్తులో మా ఫ్లాటు. అప్పట్లో వారాంతపు సెలవులు గురు, శుక్రవారాలు. శుక్రవారం పొద్దున్న ఊరంతా ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, ఏసీల రొద కూడా ఆ నిశ్శబ్దంలో భాగమే అనిపించేది. అమ్మమ్మ అందరికంటే ముందు లేచి, కాఫీ డికాషన్ దిగేలోపు ఇల్లంతా ధూపం వేసేది. ఊళ్ళో సాంబ్రాణి వేసేది కదా, ఇక్కడికొచ్చాక ఒమన్ లుబాన్‌కి మారింది. "మన సాంబ్రాణికి వీళ్ళది మేనమామ వరస" అని తీర్పిచ్చింది. పక్క ఫ్లాటులో ఒమానీ ముసలావిడ ఉండేది. ఇద్దరికీ ఒకరి భాష ఇంకొకరికి ముక్క రాదు. అయినా బాల్కనీల్లో చెరో కుర్చీ వేసుకుని గంటలకొద్దీ మాట్లాడుకునేవారు. ఆవిడ ఖర్జూరాలిచ్చేది, ఈవిడ గోంగూర పచ్చడిచ్చేది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులని, పెద్దకోడలితో పడదని, రెండో కొడుకంటే ప్రాణమని అమ్మమ్మ మాకు చెప్పేది. ఎలా తెలిసిందే అంటే, "అడిగాను, చెప్పింది" అనేది. అమ్మ పక్కున నవ్వేది. మేం ఎవరం నమ్మేవాళ్ళం కాదు గానీ, తర్వాత విచారిస్తే అన్నీ నిజమే అయ్యేవి.

ఇక క్లినిక్. మూడు గదులు, ఒక వరండా, వరండాలో రెండు బల్లలు. డాక్టరు కూర్చునే గదిలో పరీక్ష మంచానికి అడ్డంగా ఆకుపచ్చ గుడ్డ తెర. అక్కడి పెత్తనమంతా సిస్టర్ మౌజాది. ఒమానీ ఆవిడ, నలభై ఏళ్ళుంటాయి, నవ్వు తక్కువ, పని ఎక్కువ. మొదటి రోజు నన్ను ఎగాదిగా చూసి, "ఇక్కడికి జాలిపడటానికి రావద్దు, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు డాక్టరుకు చెప్పు, డాక్టరు చెప్పింది చెప్పినట్టు వాళ్ళకి చెప్పు, మధ్యలో నువ్వు వద్దు" అంది ఇంగ్లీషులో. నాకు ఒళ్ళు మండింది. సేవ చేద్దామని వస్తే ఇలాగా మాట్లాడేది అనుకున్నాను. ఇంట్లో అమ్మమ్మతో చెప్పుకుని ఏడ్చాను కూడా. అమ్మమ్మ మాత్రం "ఆ మాటలో తప్పేముందే" అంది.

కంపెనీ వ్యాన్లు తొమ్మిదింటికి వచ్చి మనుషుల్ని దింపేవి. ఒక వ్యాను డ్రైవరు కరీం భాయ్, కడపాయన. కూలీల క్యాంపు నుంచి తెచ్చినవాళ్ళని క్లినిక్ దగ్గర దింపేసి జుమ్మా నమాజుకు వెళ్ళి, అది అయ్యాక వచ్చి ఎక్కించుకునేవాడు. ఆయన వ్యాన్లోంచే మొదటిసారి పోశెట్టి దిగాడు. జగిత్యాల వైపు మనిషి, స్లాబులకి చెక్కలు బిగించే షట్టరింగ్ పని. ముప్పై ఐదేళ్ళుంటాయేమో. ఇస్త్రీ చేసిన చొక్కా, తలకు నూనె, పాపిట తీసి దువ్విన జుట్టు. డాక్టరు దగ్గరికి కాదు, పెళ్ళిచూపులకి వచ్చినట్టున్నాడు. బల్ల చివర ఒక చెయ్యి నడుం మీద ఆనించుకుని కూర్చున్నాడు. నేను వెళ్ళి చీటీలో పేరు చూసి తెలుగులో పలకరించేసరికి లేచి నిలబడ్డాడు.

"కూచోండి, పోశెట్టిగారూ. ఏమిటి ఇబ్బంది?"

"గారు ఎందుకు మేడం, పోశెట్టి అనుర్రి" అన్నాడు, భుజాలు ముడుచుకుని.

"అయితే మీరూ నన్ను మేడం అనొద్దు. నాకు పందొమ్మిదేళ్ళే. మీకు చెల్లెలి లాంటిదాన్ని. చెల్లె అనండి."

మూడు శుక్రవారాలుగా క్లినిక్‌కి వస్తూ వాళ్ళ మాటల్లో నేను నేర్చుకున్న ముద్దయిన మాట అది. అతను ఒక్క క్షణం నావైపు చూశాడు. ఆ ముఖంలో ఎంత ఆనందం కనిపించిందో ఇప్పటికీ చెప్పలేను. ఒమన్‌లో దిగి నాలుగు నెలలట. ఆ నాలుగు నెలల్లో వరస పెట్టి పిలవమని అతనితో అన్నవాళ్ళు లేరు. "మా చెల్లె గూడ గిట్లనే సన్నగుంటది. డిగ్రీ సదువుతంది" అన్నాడు. నాకు ఏనుగెక్కినట్టయింది. మేడం అని పిలిపించుకునే వాళ్ళు వేరు, నేను వేరు అని గర్వం.

డాక్టరు ముందు కూర్చున్నాక ఏమైందని అడిగితే, "కడుపుల నొత్తంది చెల్లె" అన్నాడు. ఎన్నాళ్ళనుంచి? పది దినాల నుంచి. అన్నం తింటున్నాడా? తింటున్నాడు. డాక్టరు వరసగా అడిగేవన్నీ అడిగాడు. అందులో ఒంటికి సరిగ్గా వెళ్తున్నాడా, మంట గాని రక్తం గాని ఉందా అన్నది కూడా ఉంది. నేను నిఘంటువు చూసి రాసుకున్న కాగితంలోకి చూస్తూ, సైన్సు పాఠం అప్పజెప్పినట్టు, "మూత్రవిసర్జనలో ఏమైనా ఇబ్బందులున్నాయా?" అని గబగబా అనేశాను. అతను తల దించుకున్నాడు. "ఏం లేవు చెల్లె" అన్నాడు. నేనూ బతుకుజీవుడా అనుకుని తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయాను. ఎండలో పని, క్యాంపు తిండి, అజీర్తి అయ్యుంటుందని డాక్టరు బిళ్ళలు రాసిచ్చాడు. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, "పోయొత్త చెల్లె" అన్నాడు. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు.

మళ్ళీ శుక్రవారం వచ్చాడు. మనిషి కాస్త వాడాడు. అదే ఇస్త్రీ చొక్కా, అదే నూనె రాసిన జుట్టు. నాకోసం జేబులో నాలుగు నువ్వుల ఉండలు పొట్లం కట్టుకుని తెచ్చాడు. ఎవరో ఊరినుంచి వచ్చేవాళ్ళతో భార్య పంపిందట. నొప్పి ఎలా ఉందంటే, "తక్కువైంది చెల్లె, జరంత ఉన్నది, గంతే" అన్నాడు. నేను డాక్టరుకి తగ్గిందట అని చెప్పాను. ఆయన అవే బిళ్ళలు ఇంకో వారం వాడమన్నాడు. నేను వచ్చినందుకు, వాళ్ళకోసం కష్టపడుతున్నందుకు, నా మనసు నొప్పించకుండా తగ్గిందని చెప్పాడని నాకు తట్టలేదు. మన ఇళ్ళకి వచ్చిన చుట్టం కూర బాలేకపోయినా బాగుందనడూ! అలా అన్నాడు. తగ్గిందా అని అడిగే మనిషి ముఖం చూస్తే ఏ జవాబు కోసం ఎదురుచూస్తోందో తెలిసిపోతుంది కదా. నా ముఖంలో అది కొట్టొచ్చినట్టు కనిపించే ఉంటుంది.

ఆ మధ్యాహ్నం అమ్మమ్మ కాళ్ళు చాపుకుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే పక్కన చేరి, నువ్వుల ఉండలు పెట్టి, నా ఘనకార్యమంతా ఏకరువు పెట్టాను. చెల్లె అని ఎలా పిలుస్తాడో, గుమ్మం దగ్గర ఎలా ఆగుతాడో, నడుం పట్టుకుని ఎలా లేస్తాడో, అన్నీ అభినయించి చూపించాను. అమ్మమ్మ చెయ్యి ఆగిపోయింది.

"కడుపునొప్పి అన్నవాడు నడుం ఎందుకు పట్టుకున్నాడే?"

"ఏమో. పని అలాంటిది కదా."

"ఒంటికి సరిగ్గా పోతున్నాడా? అడిగారా?"

"అడిగాం అమ్మమ్మా. ఏం లేదన్నాడు."

"ఎవరడిగారు?"

"నేనే."

అమ్మమ్మ చేతిలో చిక్కుడుకాయ పళ్ళెంలో వేసి నావైపు తిరిగింది. "ఓసి పిచ్చిమొహమా! చెల్లె అని పిలిపించుకుని, ఎదురుగా కూచుని, నీకు ఒంటికి ఎలా పోతుందిరా అన్నయ్యా అని అడిగితే ఏ మగాడు చెప్తాడే? వాళ్ళూళ్ళో చెల్లెలి ముందు లుంగీ కూడా ఎగ్గట్టరు. మేడంగానే ఉంటే, డాక్టరు పక్కన మనిషి అనుకుని చెప్పేవాడు. నువ్వు వరస కలిపి వాడి నోరు కట్టేశావు."

నేను ఒప్పుకోలేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని వాదించాను. నీకు క్లినిక్ సంగతి తెలీదు, వాళ్ళు నన్ను ఎంత ఆప్యాయంగా చూస్తారో తెలీదు అని అరిచాను. అమ్మమ్మ చిక్కుళ్ళు ఒలిచేసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాతి శుక్రవారం నేను చెప్పులేసుకుంటుంటే జరీ అంచు చీర కట్టుకుని, చేతిసంచీ పట్టుకుని గుమ్మం దగ్గర తయారుగా ఉంది. "నేనూ వస్తా. ముసలిదాన్ని, నాకు సిగ్గేమిటి" అంది. నాన్న మా ఇద్దర్నీ కారులో దింపాడు.

ఆ రోజు పోశెట్టి జుట్టు దువ్వుకోలేదు. కరీం భాయ్ రెక్క పట్టుకుని దింపాడు. "నిన్నటి నుంచి జొరమమ్మా, నీళ్ళు కూడా నిలవడంల్యా. కడుపునొప్పి కడుపునొప్పి అంటాండాడు గానీ నాకెందుకో అనుమానంగా ఉండాది" అన్నాడు నాతో. ఆ రోజు ఆయన నమాజుకు వెళ్ళడానికి కూడా వెనకాడుతూ వ్యాను దగ్గరే నిలబడ్డాడు. డాక్టరు గదిలో మంచం మీద పడుకోబెట్టాం. అమ్మమ్మ వెళ్ళి తలవైపు స్టూలు లాక్కుని కూర్చుంది. సిస్టర్ మౌజా ఈవిడెవరన్నట్టు చూసింది. అమ్మమ్మ అతని నుదుటి మీద చెయ్యివేసి, "ఏం నాయనా, నేను ఈ పిల్ల అమ్మమ్మని. నీకు మీ పెద్దమ్మ ఉంటే ఎలాగో అలాగ. నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడికి దిగుతోంది?" అని అడిగింది.

పోశెట్టి కళ్ళు తెరిచి ఆమెను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. మళ్ళీ ఆమెను చూసి, చాలా చిన్న గొంతుతో, "చెల్లెను జర బయటికి పొమ్మను పెద్దమ్మా" అన్నాడు.

నేను తెర ఇవతలికి వచ్చి నిలబడ్డాను. నా పక్కన డాక్టరు, ఆయన పక్కన సిస్టర్ మౌజా. తెర అంటే ఎంత, ఒక గుడ్డ పేలిక. లోపల ఊపిరి తీసినా వినిపిస్తుంది. "ఉచ్చల నెత్తురు వడుతంది పెద్దమ్మా. పదిహేను దినాల సంది. వీపు కాడ్నుంచి కిందికి కత్తి దించినట్టు గుంజుతంది. నిన్నటి సంది ఉచ్చనే వస్తలేదు" అన్నాడు. ఏడుస్తున్నాడు. అమ్మమ్మ అంతా విని, బయట ఉన్న నాకు వినబడలేదన్నట్టే, తెర పక్కకి తొలగించి నా చెవి దగ్గరకి వచ్చి మళ్ళీ మొదటినుంచి చెప్పింది. నేనూ విననట్టే విని డాక్టరుకి చెప్పాను. ఆయన ఒక ప్రశ్న అడిగితే అది నేను అమ్మమ్మకి చెప్పాను, అమ్మమ్మ లోపలికి వెళ్ళి అతన్ని అడిగింది. అలా నాలుగడుగుల దూరంలో నలుగురం మాటల్ని చేతులు మార్చుకుంటూ ఉంటే, పోశెట్టి సిగ్గు మాత్రం అతని దగ్గరే భద్రంగా ఉంది. ఇంకో రోజైతే నవ్వు వచ్చేదేమో.

షట్టరింగ్ సైట్‌లో మరుగుదొడ్డి చాలా దూరమట. దిగి వెళ్ళి మళ్ళీ ఎక్కడానికి బద్ధకమై, ఫోర్‌మన్ ఏమంటాడో అని భయమై, ఆ ఎండలో అతను పొద్దున్నుంచి సాయంత్రం దాకా రెండు గ్లాసుల నీళ్ళకి మించి తాగేవాడు కాదట. ఆ సంగతీ అమ్మమ్మే రాబట్టింది. కిడ్నీలో రాయి, దారి మూసుకుపోయింది, చీము పట్టిందని డాక్టరు అనుమానించాడు. కరీం భాయ్ జుమ్మా మానేసి వ్యానులోనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. అమ్మమ్మ అతని తల ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. నేను ముందు కూర్చుని వెనక్కి తిరిగి చూడలేకపోయాను. ప్రాణం దక్కింది. ఎడమ కిడ్నీ దక్కలేదు. తీసేశారు.

ఆ సూడాన్ డాక్టరుని నేను ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. మొదటి శుక్రవారమే తెలిసి ఉంటే మిగిలేదా? ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, రాయి రెండు వారాల్లో పెరగదు, ఎన్నేళ్ళనుంచి ఉందో, అయినా ముందే తెలిస్తే మిగిలేదేమో, మిగిలేది కాదేమో అన్నాడు. ఉత్త మంచిమాట చెప్పి పంపలేదు. అందుకు ఆయన మీద ఇప్పటికీ గౌరవం. ఆ 'ఏమో' మాత్రం ఇన్నేళ్ళయినా నా దగ్గరే ఉంది. ఆసుపత్రి వార్డులో పోశెట్టి దగ్గరికి వెళ్ళి తప్పయిపోయిందని ఏడిస్తే, "నువ్వేం జేసినవ్ చెల్లె? నేనే చెప్పకపోతిని" అన్నాడు. పోనీ మేడం అనే పిలవమన్నాను. "ఇగ ఎట్ల అంట? నోరు రాదు" అన్నాడు.

రెండు శుక్రవారాలు నేను క్లినిక్‌కి వెళ్ళలేదు. ఇలాంటిదాన్ని నేను వెళ్ళకపోవడమే వాళ్ళకి మేలు అనుకున్నాను. సర్టిఫికెట్టూ వద్దు, ఏమీ వద్దు. మూడో శుక్రవారం పొద్దున్న అమ్మమ్మ ధూపం వేస్తూ నా గదిలోకి వచ్చి, ఏసీ కట్టేసి, దుప్పటి లాగేసింది. "తప్పు చేసినవాళ్ళందరూ ముసుగుతన్ని పడుకుంటే అక్కడ పని చేసేదెవరే? తప్పు చెయ్యనివాళ్ళని ఎక్కడినుంచి తెస్తారు? లే. ఈసారి ఎలా అడగాలో నేర్చుకుని అడుగు" అంది. నాకంటే ముందే ఆవిడ చీర కట్టేసుకుంది. ఆ రోజు మొదలుకుని దాదాపు రెండేళ్ళు, ఒంట్లో బాగోని ఒకటి రెండు రోజులు తప్ప, అమ్మమ్మ ప్రతి శుక్రవారం క్లినిక్‌కి వచ్చింది. తెర వెనక స్టూలు ఆవిడది. సిస్టర్ మౌజా ఆవిణ్ణి 'ఉమ్మీ' అని పిలిచేది, అంటే అమ్మా అని. ఖహ్వా, అదే వాళ్ళ కాఫీ, పోసి చేతికిచ్చేది. నాకు మాత్రం ఎప్పుడూ ఇవ్వలేదు.

నేను నేర్చుకున్నది పెద్ద విద్యేమీ కాదు. కొత్తగా వచ్చిన మనిషి ఎదురుగా కాకుండా పక్కన కూర్చోవడం. ముందు ఊరి సంగతులు అడగడం. ఆ ప్రశ్న వచ్చేసరికి, "ఇది డాక్టరు అందర్నీ అడిగేదే, నన్నూ అడుగుతాడు, మా నాన్ననీ అడుగుతాడు" అని చెప్పి, పుస్తకంలో మాట కాకుండా వాళ్ళ ఇంట్లో మాటతో అడగడం. ఇంకా నోరు విప్పకపోతే లేచి పక్కకి వెళ్ళి అమ్మమ్మని పిలవడం. ఈ చివరిదే అన్నింటికంటే కష్టంగా ఉండేది. నేను లేకపోతేనే పని జరుగుతుందని ఒప్పుకోవాలి కదా! సిస్టర్ మౌజా మొదటి రోజు చెప్పిన మాట, మధ్యలో నువ్వు వద్దు అన్నది, అప్పటికి బుర్రకెక్కింది. కాలేజీలో మూడేళ్ళు చదివిన చదువులో ఏ ముక్కా నా ఉద్యోగంలో అక్కరకు రాలేదు. ఈ నాలుగు ముక్కలూ మాత్రం రోజూ అక్కరకొస్తూనే ఉన్నాయి, ఆఫీసులో, ఇంట్లో, చివరికి మేఘనతో మాట్లాడేటప్పుడు కూడా.

ఇప్పటి పిల్లలు నాకంటే తెలివైనవాళ్ళు. మొన్న మోకాలి నొప్పికి ఆసుపత్రికి వెళ్తే, నీలం రంగు జాకెట్లు వేసుకున్న కాలేజీ పిల్లలు ఫోనులోనే ఒక భాష నుంచి ఇంకో భాషకి మార్చి చెప్పేస్తున్నారు. ఒక ఒమానీ అమ్మాయి ఫోను ముందు పెడితే, సిరిసిల్ల నుంచి వచ్చాడట, ఒకాయన దానికి మొహమాటం లేకుండా అన్నీ చెప్పేస్తున్నాడు. ఫోనుకి వరస లేదు, సిగ్గుపడక్కర్లేదు. ఆ రోజుల్లో అదుంటే పోశెట్టికి రెండు వారాలు మిగిలేవి, బహుశా కిడ్నీ కూడా మిగిలేది. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు మనస్కరించదు గానీ, ఒప్పుకోకపోతే పోశెట్టికి అన్యాయం చేసినదాన్నవుతాను. కాకపోతే ఆయన చెప్పడం అయిపోయాక ఆ అమ్మాయి ఫోను జేబులో పెట్టేసుకుని, ఇంకో మనిషి దగ్గరికి వెళ్ళకుండా, ఎక్స్-రే గది తలుపు తెరిచేదాకా ఆయన పక్కనే బల్ల మీద కూర్చుంది. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. ఆ పిల్ల ఆ పావుగంటని ఏ కాలమ్‌లో రాసుకుంటుందో! మేఘన అడిగినదానికి నా దగ్గరున్న జవాబు అక్కడ కూర్చుని ఉంది. నాకు వచ్చింది నా తప్పు నాకు తెలియడం, తెలిశాక కూడా మళ్ళీ వెళ్ళి ఆ బల్ల మీద కూర్చోగలగడం. మూడు వాక్యాలు కూడా అక్కర్లేదు.

ఆ రోజుల సంగతి ఇంకొకటి మిగిలింది. పోశెట్టి కోలుకున్నాక ఇక బరువు పని చెయ్యకూడదని కంపెనీ వాళ్ళు ఇంటికి పంపేశారు. విమానం ఎక్కే ముందు శుక్రవారం, ఏ జబ్బూ లేకుండానే కరీం భాయ్ వ్యానులో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నూనె రాసిన జుట్టు. అమ్మమ్మ కాళ్ళకి దండం పెట్టి పోదామని వచ్చానన్నాడు. ఆవేళ అమ్మమ్మకి జలుబు చేసి రాలేదు. ఉండండి, మధ్యాహ్నం ఇంటికి తీసుకెళ్తానని చెప్పి బల్ల మీద కూర్చోబెట్టాను. ఆ పక్కనే తల నెరిసిన పెద్దాయన ఒకాయన ఉన్నాడు, అదే క్యాంపులో తాపీపని. నేను వెళ్ళి ఆయన పక్కన కూర్చుని, ఊరి సంగతులడిగి, మెల్లగా నొప్పి సంగతికి వచ్చాను. ఆయన నేలచూపులు చూస్తూ, "కడుపునొప్పి బిడ్డా" అన్నాడు. చెయ్యి నడుం మీద ఉంది. నేను ఎన్ని రకాలుగా అడిగినా అదే మాట. పంపడానికి ఆ రోజు అమ్మమ్మ లేదు. డాక్టరు లోపలినుంచి పిలుస్తున్నాడు.

పోశెట్టి మా ఇద్దర్నీ కాసేపు చూశాడు. ముఖం ఎర్రబడింది. లేచి వచ్చి ఆ పెద్దాయన ముందు గొంతుక్కూర్చున్నాడు.

"కాకా, కడుపునొప్పి అనకు. నేను గూడ గట్లనే అన్న. అని ఒక కిడ్నీ పోగొట్టుకున్న. ఉచ్చ మంట వెడుతందా? నెత్తురు వడుతందా? ఉన్నదున్నట్టు చెప్పు." వరండాలో అందరూ మాటలాపి చూస్తున్నారు. అతను నావైపు చెయ్యి చూపించాడు, చూపు మాత్రం నావైపు తిప్పలేదు. "గీమె నా చెల్లె. నా చెల్లె ముంగట నేనే నోరు ఇడిసి అంటున్న గదా. ఇగ నీకేం సిగ్గు?"

పెద్దాయన తలెత్తి నన్ను చూశాడు. మొన్న ఆదివారం నుంచి బిడ్డా, అని మొదలుపెట్టాడు. ఆయన చెప్పడం పూర్తయ్యేదాకా పోశెట్టి చెవుల దాకా ఎర్రబడి, గోడవైపు తిరిగి నిలబడే ఉన్నాడు.